గోడ మీద కనిపించిన బండి

నా భర్త మోకాలు విరిగిన చప్పుడు నేను వినలేదు. ఆయన విన్నాడు. తర్వాత చాలా నెలలు ఆ చప్పుడు గురించే చెప్పేవాడు, ఎండిన కంది కట్టె విరిచినట్టుగా వచ్చిందని.

తెలంగాణ కోసం జనమంతా రోడ్డెక్కిన రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్‌రోడ్డు పక్క సందులో ఆయనకు మోటార్‌సైకిళ్లు బాగుచేసే షాపు ఉండేది. ఆ రోజు బంద్. షట్టర్ దించాడు కానీ ఎవరిదో బండి బయటే ఉండిపోయింది. దాన్ని లోపలికి తోద్దామని పోయాడు. రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి, రాళ్లు వచ్చి షట్టర్‌కు తగులుతున్నాయి. రాళ్లు వేసినవాళ్లు పరుగెత్తి తప్పించుకున్నారు. వాళ్ల వెనక వచ్చిన పోలీసులకు బండి పట్టుకుని నిలబడ్డ ఈయన దొరికాడు. పక్క షాపువాళ్లు ఉరకమని అరిచారట. స్టాండ్ వేయని బండిని వదిలితే పడిపోతుందని ఈయన వదల్లేదు. లాఠీ మూడోసారి మోకాలి మీద దిగేదాకా వదల్లేదు.

మలక్‌పేట దవాఖానలో కట్టు కట్టారు. కట్టు విప్పాక కాలు వంగలేదు. బండ్ల పని అంతా గొంతుక్కూర్చుని చేసేదే. షాపు ఖాళీ చేసి సామానంతా ఎల్బీనగర్‌లో మేం కిరాయికి ఉన్న ఇంటికి తెచ్చాం. రాళ్లకు సొట్టలు పడ్డ షట్టర్‌ను షాపు ఓనరు తీసి పారేస్తుంటే, ఈయన దాన్ని కూడా ఆటోలో వేయించుకుని తెచ్చాడు.

ఇంట్లో ఆయన కోపానికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. కూరలో ఉప్పు తక్కువైతే పళ్లెం గోడకు కొట్టేవాడు. ఒకసారి విసిరిన పానా నా చెవి పక్కనుంచి పోయి నీళ్ల డ్రమ్ముకు తగిలింది. డ్రమ్ము పగిలి ఇల్లంతా నీళ్లు. చేతికర్రతో నా వీపు మీద కొట్టిన రోజులూ ఉన్నాయి. మర్నాడు తెల్లవారకముందే నేను కొత్తపేట రైతుబజార్‌లో కూరగాయల దగ్గర కూర్చునేదాన్ని. తక్కెడ ఎత్తితే వీపు సలిపేది.

బజారుకు పోయే దారిలో ఒక షోరూమ్ ఉండేది. దాని వెనక బండ్లను ఇనుప బల్లల మీద ఎత్తి పెట్టి పనివాళ్లు నిలబడి రిపేర్ చేస్తుండడం చూశాను. ఇంటికొచ్చి చెప్పాను.

"గది షోరూమోళ్ల ముచ్చట. మనకేంది?" అని చాయ గ్లాసు విసిరాడు. మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ తనే అడిగాడు. "ఎంతెత్తు లేస్తున్నదే అది?"

పెద్ద అంబర్‌పేట్ వైపు హైవే పక్కన పాత ఇనుప సామాను అమ్మే చోటుకు ఇద్దరం పోయాం. అక్కడ రెండు రకాల లిఫ్టులు కనబడ్డాయి. ఒకటి నూనెతో లేచేది, కాలితో తొక్కాలి. రెండోది మర జాకీది, చేతితో హ్యాండిల్ తిప్పితే కత్తెరలా విచ్చుకుంటూ లేస్తుంది. ఆయన కన్ను నూనెదాని మీద పడింది.

"తీసుకో కాకా," అన్నాడు అమ్మేవాడు. "తొక్కితే లేస్తది, పెడల్ వదిలితే గప్పున దిగుతది."

"ఏ కాలుతోని తొక్కుతవు?" అన్నాను నేను.

అమ్మేవాడు నవ్వాడు. ఈయన కర్ర ఎత్తాడు. నేను పక్కకు తప్పుకుంటే అది పోయి లిఫ్టుకు తగిలి ఖంగుమంది. ఆ తర్వాత ఆయనే మర జాకీదాని దగ్గరికి పోయి హ్యాండిల్ తిప్పి చూశాడు.

"లేసుడు, దిగుడు రెండూ నిమ్మళమే అమ్మా గిది," అన్నాడు అమ్మేవాడు. "తర్వాత నన్ను తిట్టొద్దు."

"దిగుడుకు మాకేం తొందర?" అన్నాను.

దాన్ని కొని వాకిట్లో పెట్టుకున్నాం కానీ ఉన్నదున్నట్టు వాడితే లాభం లేదు. అది నిలబడి పనిచేసేవాళ్ల ఎత్తుకు చేసింది. ఈయన ఎక్కువసేపు నిలబడలేడు, గొంతుక్కూర్చోలేడు. కాలు చాపుకుని స్టూలు మీద కూర్చోవాలి. చదువు నాకు ముసలితనంలో వచ్చింది, అప్పటికి టేపు మీద అంకెలు కూడా తెలియవు. ఒక నులక తాడు తీసుకుని ముడులు వేశాను. స్టూలు మీద కూర్చుంటే ఆయన మోచేయి వచ్చే చోట ఒక ముడి. బండి ఇంజను ఎత్తుకు ఒక ముడి. బండి పైకి లేస్తే అద్దాలు వాకిలి మీది రేకులకు తగలకుండా ఇంకో ముడి. మా గల్లీలోని వెల్డింగ్ అతను ఆ తాడు కొలత ప్రకారమే లిఫ్టు అంతకన్నా పైకి లేవకుండా అడ్డం పెట్టాడు. పైన పలకగా మా పాత షట్టర్‌నే వేసి కింద యాంగిళ్లు అతికించాడు. సొట్టలు సాపు చేస్తానంటే ఈయన ఒప్పుకోలేదు.

"ఉండనియ్యి. రోజూ జూడాలె నేను."

బండి ఎక్కించే పని నాదే కాబట్టి ముందుభాగంలో వాలుబల్ల పొడుగ్గా పెట్టించాం. అనుకోకుండా దిగిపోకుండా అడ్డంగా ఇనుప చీల. బండి పక్కకు ఒరగకుండా రెండు వైపులా లారీ తాళ్లు. అన్నీ కొలిచాం. రోడ్డు వైపు కాంపౌండ్ గోడను మాత్రం కొలవలేదు.

గిరాకీ మళ్లీ రావడం మొదలైంది. నేను తోసి, తాళ్లు కట్టి, హ్యాండిల్ తిప్పి బజారుకు పోయేదాన్ని. ఆయన తిట్లు ఆగలేదు కానీ ఇప్పుడవి ఊడిరాని బోల్టుల మీద పడేవి. వాటి పుణ్యాన నా వీపుకు కొంచెం తెరిపి దొరికింది.

ఆ తర్వాత ఇంకో బంద్ వచ్చింది. మా ఇంటి ఓనరు గుంటూరు వైపు మనిషి, కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవాడు, పై అంతస్తులో ఉండేవాడు. ముందురోజు మెట్లు దిగివచ్చాడు.

"మేస్త్రీ, ఎల్లుండి పొద్దున్నే మా అమ్మాయికి పరీక్షండీ. బస్సులు నడుస్తాయో లేదో. బండి చైన్ ఊడిపోతోంది, కాస్త చూసి పెట్టాలి."

ఈయన ఉద్యమం వైపే. కర్ర పట్టుకుని పోయి ధర్నాలో కూర్చుని వచ్చిన మనిషి. బంద్ నాడు పని చేయొద్దని తెలుసు. "ఇంట్లనే గదా, ఎవలకు కనవడతది?" అని గేటు మూసి, వెనక చక్రం ఊడదీసి మొదలుపెట్టాడు.

గల్లీ చివర అరుపులు వినిపించాయి. నేను తలెత్తి చూస్తే బండి అద్దాలు, హ్యాండిల్ గోడ మీదుగా రోడ్డు వైపు తొంగి చూస్తున్నాయి. అద్దం మీద ఎండ తళతళమంటోంది.

"దించవే! జల్ది దించు!" అన్నాడు ఆయన.

చీల గుంజి హ్యాండిల్ పట్టుకుని తిప్పాను. అది దిగదు. తిప్పుతుంటే వేలెడంత, ఇంకో వేలెడంత. అరుపులు దగ్గరవుతున్నాయి. నా అరచేయి చర్మం ఊడి హ్యాండిల్‌కు అంటుకుంటోంది. అద్దాలు ఇంకా గోడ మీదే ఉన్నాయి.

"అగో, లోపట బండి! బంద్ నాడు దుకాణం నడిపిస్తున్నరు రో!"

గేటు గొళ్లెం ఒక్క తన్నుకు ఊడిపోయింది. వచ్చినవాళ్ల మాట మా నల్లగొండ మాటే.

"ఎవల బండి కాకా గిది? పైనున్న ఆంధ్రోళ్లదేనా?"

"బండికి ఆంధ్రేంది, తెలంగాణేంది రా? నా మోకాలు జూడు. అది ఎవల కోసం ఇరిగింది?"

"నీ మోకాలు నీ తాన వెట్టుకో. పక్కకు జరుగు."

"జరుగుడు చాతగాదు బిడ్డా. కనవడతలేదా?"

ఒకడు కర్రతో హెడ్‌లైట్ పగలగొట్టాడు. గాజు పెంకులు ఈయన ఒళ్లో పడ్డాయి. ఇంకొకడు అటువైపు తాడు కోసేశాడు. ఇద్దరు కలిసి బండిని ఈయన వైపు నూకారు. ఆయన రెండు చేతులూ చాచి దాన్ని పట్టుకున్నాడు. ఆ రోజు షాపు ముందు పట్టుకున్నట్టే. ఆ చేతులు వదలవని నాకు తెలుసు. అవి దాని కింద నలిగితే మాకు ఇక తిండి లేదు.

నేను స్టూలును తన్నాను. ఉన్న బలమంతా పెట్టి తన్నాను. ఆయన వెనక్కి విరుచుకుపడ్డాడు, తల గోడకు కొట్టుకుంది. బండి వచ్చి ఆయన కూర్చున్న చోటే పడింది. చెక్క స్టూలు ముక్కలైంది. నేను లిఫ్టు హ్యాండిల్ ఊడబెరికి ఎదురుగా ఉన్నవాడి భుజం మీద వేశాను. "అమ్మా!" అని అరిచాడు. మళ్లీ ఎత్తేసరికి బయట ఎవరో పోలీసులొస్తున్నారని కేక వేశారు. అందరూ గేటు దాటి ఉరికారు.

ఆయన నెత్తి నుంచి రక్తం కారుతోంది. చేతులు ముఖం ముందు పెట్టుకుని ఒక్కో వేలూ వంచి చూసుకున్నాడు.

"ఎందుకు తన్నినవే?"

"వదలమంటే వదులుతవా నువ్వు?"

పక్కన నుజ్జయిన స్టూలును చూశాడు. కర్ర చేతికి అందేంత దూరంలోనే ఉంది. దాని జోలికి పోలేదు.

ఓనరు కిందికి వచ్చాడు. ఆయన భార్య మెట్ల మీదే నిలబడి, "మీ ఉద్యమం మా వాకిట్లోకి వచ్చిందమ్మా, బావుంది," అంది. ఓనరు తన బండిని, గొళ్లెం ఊడిన గేటును చూశాడు. "నెలాఖరుకి ఇల్లు చూసుకోండి మేస్త్రీ," అన్నాడు.

"గట్లనే సారు," అన్నాడు ఈయన. "జర ఈ బండిని పైకి నూకుండ్రి. రేపటికి ఇస్తనన్న గదా."

ఓనరు చొక్కా చేతులు మడిచి వెనక పట్టుకున్నాడు, నేను ముందు. లిఫ్టు ఒకవైపు వంగి కిర్రుమంటూ లేచింది. ఈయన తలకు నా చీర చింపు చుట్టుకుని, కూరగాయల బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాడు. చీకటి పడేలోపు చక్రం ఎక్కింది, చైన్ బిగిసింది, వంకరపోయిన హ్యాండిల్ నిటారైంది. పొద్దున ఓనరు హెడ్‌లైట్ లేని బండి మీద కూతుర్ని ఎక్కించుకుని పోయాడు.

నెలాఖరుకు ఓనరు పంపిన తాపీ పనివాడొచ్చాడు. గేటుకు గొళ్లెం పెట్టి, రోడ్డు వైపు గోడ మీద ఇటుకలు పేర్చి ఎత్తు పెంచాడు. ఇల్లు ఖాళీ చేసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వాకిట్లో వెలుతురు తగ్గింది, పగలు కూడా బల్బు వేసుకోవలసి వచ్చేది.

కొత్త స్టూలు కొందామంటే ఆయన చెక్కది వద్దన్నాడు. ప్లాస్టిక్‌ది తెమ్మన్నాడు, నేను తంతే తేలిగ్గా ఎగిరిపోయేది.