క్రియ వచ్చేదాకా

పాన్‌గల్ బడిలో మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు కూర్చున్నప్పుడు నా ఫోన్ మోగింది. వనపర్తి నుంచి సారు, అంటే మా తెలుగు టీచరమ్మ భర్త. "బిడ్డా, మీ మేడం పొద్దుగాల..." అన్నారు. ఆ తర్వాత మాట రాలేదు. ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను. కాసేపటికి "పోయింది బిడ్డా" అన్నారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆమె మాకు వనపర్తిలో తెలుగు చెప్పారు. సుద్దపొడి ఒంటికి పడక సుద్దముక్కకు కాగితం చుట్టి పట్టుకునేవారు. వ్యాకరణం పుస్తకం తీయమని ఎప్పుడూ అనలేదు. ఒకరోజు ముగ్గురు ఆడపిల్లలను ముందుకు పిలిచి ఒకరికి 'తోడేలు', ఒకరికి 'గొర్రెను', ఒకరికి 'తిన్నది' అని పేర్లు పెట్టారు. తోడేలునూ గొర్రెనూ చోటు మార్చుకోమన్నారు. "గొర్రెను తోడేలు తిన్నది." అర్థం ఏమీ మారలేదు. అప్పుడు గొర్రె దగ్గరున్న 'ను' తీసి తోడేలుకు తగిలించారు. "గొర్రె తోడేలును తిన్నది." తరగతంతా గొల్లున నవ్వింది. గొర్రెలు కాసేవాళ్ల ఇంటి నుంచి వచ్చే నా దోస్తు లేచి, "మా గొర్రెలకు గంత ధైర్యం యాడిది మేడం!" అంది. టీచరమ్మ కూడా నవ్వి, "సూసిన్రా, ఎవలు ముందు నిలబడ్డరు, ఎవలు ఎనక నిలబడ్డరు అని గాదు. ఎవలు జేసిన్రు, ఎవలకైంది? గా చిన్న 'ను' గది చెప్తది" అన్నారు.

పాఠం పుస్తకాల తెలుగులో చెప్పేవారు, మాతో మాత్రం మా మాటే మాట్లాడేవారు. బడిలో వేరే జిల్లా నుంచి వచ్చిన ఇంకో టీచరు మేము 'వస్త', 'పోత' అంటే వెక్కిరించేవారు. ఆ సంగతి చెప్పుకుని ఏడ్చిన పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, "వస్త అంటే ఎవలొస్తరు? నువ్వే గద. నేను అనే మాట లేకున్నా మనిషి అండ్లనే ఉన్నది. పరీక్షల వస్తాను అని రాయి. ఇంట్ల వస్త అను. రెండూ నిండు వాక్యాలే" అన్నారు.

మేము కొట్లాడుకుని ఆమె దగ్గరికి పోతే ఒకరు చెబుతుండగా ఇంకొకరు అందుకునేవాళ్లం. "క్రియ వచ్చేదాకా ఆగుండ్రి" అనేవారు. "మన తెలుగుల అసలు సంగతి ఆఖరుకొస్తది. నడుమల అందుకుంటే నీకు దొరికేది నీ మాటనే, ఆమె మాట గాదు."

చదువయ్యాక నాకు పాన్‌గల్‌లో విద్యా వాలంటీరు పని దొరికింది. వనపర్తిలో టీచరమ్మ వాళ్ల గల్లీలోనే గది తీసుకుని రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఆ ఏడాదే ఆమెకు పక్షవాతం వచ్చింది. హైదరాబాద్ దవాఖానలో చాలా రోజులుండి వచ్చారు. కుడి చెయ్యి పడిపోయింది. మాటలు పోలేదు. నీళ్లు, కిటికీ, సారు అనే మాటలన్నీ ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి కలవడమే పోయింది. "నువ్వు... బస్సు... పాన్‌గల్" అనేవారు. పోయి వచ్చానా అని అడుగుతున్నారో, రేపు ఎప్పుడు పోతానని అడుగుతున్నారో తెలిసేది కాదు. మనం చెప్పేదంతా ఆమెకు అర్థమవుతుందని డాక్టరు చెప్పారు. అంటే తన వాక్యం విరిగిపోవడం కూడా ఆమెకు వినిపిస్తూనే ఉంది.

పాత విద్యార్థులు చూడడానికి వచ్చేవాళ్లు. ఒకామె చిన్నపిల్లతో మాట్లాడినట్టు గట్టిగా, విడివిడిగా మాట్లాడింది. ఆ తర్వాత ఎవరొచ్చినా టీచరమ్మ గోడవైపు తిరిగి పడుకునేవారు. సారు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, ఆమె అంటే ప్రాణం. ఆమె పెదవి కదిలితే చాలు, "చాయ్ గావాల్నా? కిటికీ మూయాల్నా?" అంటూ వాక్యం తనే పూర్తి చేసేవారు. అది తప్పైనా ఆమె అలసిపోయి తలూపేవారు.

సాయంత్రాలు నేను వెళ్లి ఊరికే కూర్చునేదాన్ని. ఒకనాడు అన్నం కలిపి ముందు పెడితే కంచం వైపు చాలాసేపు చూసి, "తింట" అన్నారు.

"ఏమన్నది?" అని సారు వంటింట్లో నుంచి వచ్చారు.

"తింట అన్నరు సారూ."

ఆయన గడప మీదే కూలబడి కండువాతో మొహం తుడుచుకున్నారు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆమె నోట అలాంటి మాటలే వచ్చాయి. పడుకుంటాననడానికి పంట, ఆ తర్వాత లేస్త, సూస్త. 'నేను' అని ఒక్కసారీ అనలేదు. అయినా ప్రతిదాంట్లో ఆమె ఉన్నారు.

ఎండాకాలంలో హైదరాబాద్ నుంచి ఆమె తమ్ముడు వచ్చాడు. మంచివాడు. "బావా, మీకు పిల్లలా జెల్లలా, ఈడ ఎవలున్నరు? ఒక్కనివి ఎన్నాళ్లు లేపుతవ్, కూసోబెడ్తవ్? ఆడ మేమున్నం, దవాఖానలున్నయ్" అన్నాడు. సారు కాదనలేదు. అప్పటికే ఆయన నడుము పట్టేసి ఉంది. తమ్ముడు మంచం పక్కన కూర్చుని, "అక్కా, హైదరాబాద్ పోదామా?" అని అడిగాడు.

"హైదరాబాద్... పో..." అన్నారు టీచరమ్మ.

"పోత అంటుంది బావా! అయిపాయె. బండి మాట్లాడ్త."

టీచరమ్మ ఎడమచేత్తో మంచం పట్టెను టపటపా కొట్టారు. ఎన్నడూ ఆగని సారు అప్పుడు లేచి నిలబడ్డారు. "ఆగు. ఆమె మాట ఇంక గాలె."

కరెంటు లేదు. ఆమె మెడ మీద చెమట కారుతోంది. పో, పో అని అక్కడే తడబడుతున్నారు. తమ్ముడు ఏదో అనబోతే సారు చెయ్యెత్తి ఆపారు. చివరికి వచ్చింది.

"పోను."

ఊపిరి తీసుకుని మళ్లీ అన్నారు, "ఈడ... ఉంట."

తమ్ముడు తలొంచుకుని ఆమె పాదం మీద చెయ్యి వేశాడు. "మంచిదక్కా. ఈడనే ఉండు" అన్నాడు. వెళ్లేముందు ఇంట్లో సాయానికి రోజూ వచ్చేలా గల్లీలో ఒకామెను మాట్లాడి పెట్టాడు.

ఆ తర్వాత కూడా ఆమె మాట పూర్తిగా బాగుపడలేదు. విభక్తులు ఊడిపోయేవి, పేర్లు తారుమారయ్యేవి. కానీ గోడవైపు తిరగడం మానేశారు. గల్లీ పిల్లలు ఆమె ముందు కూర్చుని పాఠాలు చదివేవాళ్లు. ఎవరైనా వాక్యం మధ్యలో వదిలేస్తే వేలెత్తి, "ఆఁ?" అనేవారు. ఇప్పుడు నా తరగతిలో ఒకటో క్లాసు పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ ఏదో చెప్పడానికి వస్తారు. సుద్దముక్క పక్కన పెట్టి చివరిదాకా వింటాను. నాకు వినడం నేర్పింది ఆమే.

అప్పటికి నేను పాన్‌గల్‌కు మకాం మార్చి ఆదివారాలే వచ్చిపోతున్నాను. చివరిసారి చూసింది ఆమె పోవడానికి ముందు ఆదివారం. వసారాలో కుర్చీలో కూర్చున్నారు, నేను వెనక నిలబడి తలకు నూనె రాస్తున్నాను. సారు పేపరు చదువుకుంటున్నారు. టీచరమ్మ వీధి వైపు చూస్తూ, "వాన ఒస్తున్నది" అన్నారు. ఎక్కడా ఆగలేదు. మేమెవరమూ ఆశ్చర్యపోలేదు, మెచ్చుకోనూ లేదు. సారు పేపరు పక్కన పెట్టి గబగబా వాకిట్లోకి వెళ్లి, తీగ మీది బట్టలన్నీ లాగి తెచ్చి ఆమె ఒళ్లో పడేశారు. చినుకులు పెద్దవయ్యాయి. ఆమె ఎడమచేత్తో ఒక్కొక్క బట్టా తీసి, మోకాలి మీద పరిచి, మెల్లగా మడత పెడుతున్నారు.