పాతాళంలో తుమ్ము

మా కాశిబుగ్గకు టీవీలు రాని ఆ రోజుల్లో, కాస్త పాట వచ్చినవాడికి పట్టపగ్గాలుండేవి కావు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. పగలు నాన్న పక్కన మగ్గం, సాయంత్రం కాలేజీ, మధ్యలో దొరికిన ప్రతి నిమిషం గొంతు సవరించుకోవడం. నా అంత గాయకుడు హన్మకొండ దాకా లేడని నా నమ్మకం. (హన్మకొండ దాటి విచారించలేదు.) అందుకే మా ఇంగ్లీషు సారు ఒక గ్రామఫోన్ రికార్డు వినిపించి, "దీన్ని మనం తెలుగుల ఆడుదాం" అన్నప్పుడు, హీరో ఎవరని అడగకముందే లేచి నిలబడ్డాను.

అది గ్రీకు పురాణం మీద కట్టిన సంగీత నాటకం. వాళ్ల దేశాల్లోనే అరుదుగా ఆడతారట. మొదటి నుంచి చివరి దాకా అంతా పాటే. యక్షగానాలు చూసి పెరిగిన మాకు అదేమీ వింత కాదు. ఒక పాటగాడు చనిపోయిన భార్య కోసం పాతాళానికి పోతాడు. పాటకు కరిగిన యముడు ఆమెను పంపిస్తాడు గానీ, పైకి చేరేదాకా వెనక్కి తిరిగి చూడొద్దంటాడు. ఇతను ఆగలేక చూస్తాడు. ఆమె మళ్లీ పోతుంది. సారు భార్య ఆ ముందు సంవత్సరమే పోయింది. "పోయినోళ్లు రారు. నువ్వు ఆఖరు పాటయినంకనే తిరిగి చూడాలె. ఆ పాట కోసమే ఇదంతా. యాదుంటదా?" అని రోజూ అడిగేవారు. "నేనుండంగ ఫికరెందుకు సార్!" అని నేనూ రోజూ అభయమిచ్చేవాణ్ణి.

భార్య వేషం మా మేనబావది. నూలుకు రంగులద్దీ అద్దీ అతని చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. చచ్చిపోయిన మనిషి కదా, పనికొస్తుంది, కడుక్కోవద్దన్నాను. పాతాళానికి సాంబ్రాణి పొగ వేయాలన్న సలహా కూడా నాదే. ఒక కుంపటి చాలన్నారు సారు. నేను నాలుగు పెట్టించాను.

నాటకం రోజు మా వాడ హాలు కిక్కిరిసిపోయింది. నా పాటకు యముడు కరిగాడు, ముందు వరసలో మా మేనత్త కూడా కళ్లొత్తుకుంది. ఇక బయల్దేరడమే. నేను ముందు, బావ వెనక. కుడికాలు ముందుకు పెట్టానో లేదో, తెర పక్కన పొగలో నిలబడ్డ సారు తుమ్మారు. హాలంతా వినబడేలా ఒకే ఒక్క తుమ్ము. మా ఇంట్లో పుట్టినవాడెవడూ తుమ్ము విని గడప దాటడు. వెనక్కి లోపలికి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. నా కాళ్లు నన్నడగలేదు. గిరుక్కున తిరిగాను. ఎదురుగా బావ.

"చూస్తివి గదరా!" అని పళ్లు కొరికి, బావ ఉన్నచోటే చచ్చిపోయాడు.

ఆఖరు పాట ఇంకా మొదలే కాలేదు. అప్పుడు లేచింది మేనత్త. "తుమ్మినంక ఎట్ల పోతడయ్యా? గా పిలగాని తప్పేమున్నది? ఓ యమధర్మరాజా, పిల్లను తోలియ్యి!" (ఆ పిల్ల తన కొడుకేనని ఆ క్షణాన ఆమెకు గుర్తున్నట్టు లేదు.) హాలంతా "తోలియ్యి, తోలియ్యి" అని అందుకుంది. యముడు బిక్కమొహం వేసుకుని తెర పక్కకు చూశాడు. నేనూ చూశాను. సారు ఏడుస్తున్నారో నవ్వుతున్నారో పొగలో తెలియలేదు. చెయ్యి మాత్రం ఎత్తి, పంపించమన్నట్టు ఊపారు. బావ లేచి చీర దులుపుకున్నాడు. నేను కూర్చుని, మంచినీళ్లు తాగి, ఏడుపు పాటైన ఆ ఆఖరు పాటనే పెళ్లి పాటలా పాడుకుంటూ అతణ్ణి పైకి తీసుకొచ్చాను. ఈసారి వెనక్కి చూడలేదు.

ఆట అయ్యాక కాళ్ల మీద పడబోతే సారు ఆపారు. "రికార్డుల గూడ ఆఖర్న ఆమె బతుకుతదిరా. నాకు మనసొప్పక నేనే గా భాగం కోసేసిన" అన్నారు. నా నాలుగు కుంపట్ల వైపు చూసి, "మంచిగైంది, తుమ్మిన" అన్నారు.

ఇప్పుడు నాకు అరవై దాటి చాలా ఏళ్లైంది. గొంతు పోయింది, ధీమా కొంత మిగిలింది. మార్కెట్‌కు పోయేటప్పుడు మా ఆవిడ మోకాళ్ల నొప్పులతో నాలుగడుగులు వెనక నడుస్తుంది. నేను మాటిమాటికీ తిరిగి చూస్తుంటే, "ముంగట జూసి నడువుండ్రి, ఏడికి పోత నేను?" అని కసురుతుంది. అయినా చూస్తాను. వెనక్కి చూడకుండా పాటంతా పాడేసిన ఆ ఇరవై ఏళ్ల మొనగాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడైతే నావల్ల కాదు.