మాస్టారి డబ్బీలో మరొకరి సరుకు

ల్యాబులో ఆమెను అందరూ డబ్బీ అక్క అనేవారు. కిటికీ అవతల కూర్చుని, వచ్చినవాళ్ళ చేతిలో ఎర్రమూత ప్లాస్టిక్ డబ్బీ పెట్టడం, మర్నాడు వాళ్ళు తెచ్చిచ్చినదాన్ని మైక్రోస్కోపు కింద చూడడం ఇరవై రెండేళ్ళుగా ఆమె పని. రక్తం ఇచ్చేవాళ్ళు దర్జాగా చొక్కా చెయ్యి మడుచుకుంటూ వస్తారు. మలపరీక్షకు వచ్చినవాళ్ళు మాత్రం కిటికీలోకి తల దూర్చి, "అదేనండీ... ఆ పరీక్ష" అని గొణుగుతారు. "ఏ పరీక్షండీ?" అని ఆమె హాలంతా వినపడేలా అడిగేది. తెలియక కాదు. రోజంతా ఆ పని చేసే మనిషికి ఆ మాత్రం కాలక్షేపం ఉండాలని ఆమె అభిప్రాయం.

మూతకే చిన్న చెంచా ఉంటుంది, సగం చెంచా చాలు అని చెప్పినా వినరు. ఒకాయన అంచుదాకా కూరి తెచ్చాడు. ఒకావిడ మూడు కాగితాల్లో చుట్టి, పట్టుసంచిలో పెట్టి, నగల్లా అందించింది. అన్నిటినీ ఆమె ఒకేలా అందుకునేది. పని కాగానే గ్లవుజులు తీసి, చేతులు కడుక్కుని, పక్క గదిలో హాయిగా భోంచేసేది. ఇంట్లో మాత్రం తోడికోడలు షరతు పెట్టింది: "అక్కా, కంచాలు ఎత్తేదాకా ల్యాబు కబుర్లు వద్దు."

ఒకరోజు కిటికీ దగ్గరకు డ్రిల్లు మాస్టారు వచ్చారు. బడిలో ఆమెకు ఆటలు నేర్పినాయన. ప్రార్థనలో నవ్విందని ఆమెను గంటసేపు ఎండలో నిలబెట్టింది కూడా ఆయనే. రిటైరై పదేళ్ళయినా నడుం వంగలేదు కానీ మనిషి సగమయ్యాడు. రెండు నెలలుగా కడుపు సరిగ్గా లేదని డాక్టరు పరీక్ష రాశాడు. ఆమెను చూడగానే మాస్టారు చీటీ వెనక్కి లాక్కోబోయారు.

ఆమె అప్పటికే అందుకుంది. అలవాటు ప్రకారం గొంతు పెంచబోయి, ఎందుకో ఆగి, మెల్లగా డబ్బీ ఇచ్చింది.

"నువ్వే చూస్తావా?" అన్నారాయన.

"నేనే మాస్టారూ."

మర్నాడు డబ్బీ వచ్చింది. స్లైడు మీద ఒక చుక్క ఉప్పునీళ్ళు వేసి, నలుసంత కలిపి చూసింది. గుండ్రటి, నల్లటి గుడ్లు. పైతొడుగు మీద దర్జీ వేలికి పెట్టుకునే టోపీ మీద ఉన్నట్టు సన్నటి గుంటలు. మనుషుల కడుపులో ఏలికపాములు పెట్టే గుడ్లు ఇలా ఉండవు. ఎందుకైనా మంచిదని ల్యాబు డాక్టరమ్మను పిలిచింది. ఆవిడ కంటద్దాలు నుదుటిపైకి తోసి చూసి, "ఇది కుక్కదమ్మా" అంది.

డబ్బీ అక్క మాస్టారింటికి ఫోను చేసింది. ఆయన భార్య ఎత్తింది.

"అమ్మగారూ, మీ ఇంట్లో కుక్క ఉందా?"

"ఉందమ్మా. నిన్నట్నించీ మాస్టారు దాని వెనకాలే తిరుగుతున్నారు. ఎప్పుడూ లేని ప్రేమ. ఎందుకు?"

"ఏం లేదు. ఆయన్నొకసారి రమ్మనండి."

మాస్టారు వచ్చేసరికి ఆమె ముఖం బిగించుకుని కూర్చుంది. లోపలి గదిలోకి పిలిచి కుర్చీ చూపించింది.

"రిపోర్టు కొంచెం ఇబ్బందిగా ఉంది మాస్టారూ. దీనికి మందు పశువుల డాక్టరే రాయాలి."

మాస్టారు నేల చూశారు. "నిన్ను ఎండలో నిలబెట్టినవాణ్ణి. ఇప్పుడు నా... అది నువ్వు చూడ్డమేమిటి అనిపించింది" అన్నారు.

ఆమెకు నవ్వు పొంగుకొచ్చింది కానీ ఆపుకుంది. "రోజుకి నలభై చూస్తాను మాస్టారూ. ఆ అద్దం కింద పెద్దా చిన్నా తేడా తెలీదు. మీకు సిగ్గుగా ఉంటే మిగతా ముప్పైతొమ్మిదింటి మధ్య పెట్టి చూస్తాను. రేపు మీది మీరు తెండి. కుక్కకి మాత్రం పురుగుల మందు వేయించండి, పాపం."

మర్నాడు వచ్చిన డబ్బీ మాస్టారిదే. పురుగులేమీ లేవు. కానీ కంటికి కనపడని రక్తం ఉందని రెండో పరీక్ష చెప్పింది. ఈసారి ఆమెకు హాస్యమాడాలనిపించలేదు. పెద్దపేగులోకి గొట్టం కెమెరా పంపి చూడాలని డాక్టరు అంటే, మాస్టారు ససేమిరా అన్నారు. ఆమె సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"గొట్టానికేం భయం లేదు మాస్టారూ, మత్తిస్తారు, తెలీదు. కష్టమంతా ముందురోజే. పేగు కడగడానికి మందునీళ్ళు తాగిస్తారు. తాగాక పరిగెత్తాలి. ఊళ్ళో మీకన్నా బాగా పరిగెత్తేవాళ్ళెవరు?"

ఆయన భార్య నవ్వు కనపడకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మాస్టారు సరేనన్నారు.

ముందురోజు సంగతి ఆవిడే తర్వాత వీధంతా చెప్పింది. మందునీళ్ళు పనిచేయడం మొదలెట్టగానే మాస్టారు పాత విజిలు వెతికి మెళ్ళో వేసుకున్నారట. అది మోగిందంటే కొడుకూ కోడలూ గోడకంటుకుని దారివ్వాలి. పద్నాలుగుసార్లు మోగింది. ఆఖర్న ఊదే ఓపిక లేక చెయ్యెత్తి చూపించారట.

కెమెరాకు పేగు గోడ మీద పెరిగిన రెండు కండకాయలు, డాక్టర్లు పాలిప్‌లు అనేవి, కనపడ్డాయి. అక్కడికక్కడే తీసేశారు. ముక్క పరీక్షకు పంపితే క్యాన్సరు లేదనీ, ఇంకొన్నేళ్ళు వదిలేస్తే అయ్యుండేదనీ వచ్చింది. ఆ కాగితం చూసిన రోజు డబ్బీ అక్క మధ్యాహ్నం భోజనం సగంలో ఆపి, కాసేపు ఊరికే కూర్చుంది.

నెల తిరక్కముందే ఒక ఉదయం కిటికీ బయట బూట్ల చప్పుడు. మాస్టారు తనతో నడకకు వచ్చే పెద్దమనుషులు ఏడుగురిని పొడుగు ప్రకారం వరసగా నిలబెట్టి తీసుకొచ్చారు. అందరూ డాక్టరు చీటీలు పట్టుకుని నేలచూపులు చూస్తున్నారు.

"ఏ పరీక్షండీ?" అంది డబ్బీ అక్క.

"మలపరీక్ష," అన్నారు మాస్టారు మైదానానికి సరిపడే గొంతుతో. "ఏడు డబ్బీలివ్వు."

మర్నాడు ఆరు తిరిగొచ్చాయి. ఏడో ఆయన కోసం మాస్టారు ఆటో కట్టించుకుని బయల్దేరారు.