యాడి వెనక్కి తీసుకున్న చప్పట్లు

పొద్దున మిరప కళ్లం నుంచి ఘాటు గాలి వస్తుంటే తుమ్ముతూనే వాకిలి ఊడుస్తున్నాను. ఇంతలో పంచాయతీ చెత్త ట్రాక్టర్ మైకు వినిపించింది. రేపు గ్రామసభ, అందరూ రావాలని. ఆ గొంతులో మాత్రం ఎవరూ రారులే అన్న ధీమా ఉంది. మంగ్లీ యాడి గుర్తొచ్చి నవ్వొచ్చింది. యాడి అంటే మా లంబాడీ మాటలో అమ్మ. ఆమె నన్ను కన్నది కాదు, పక్కింటి పెద్దావిడ. కోడలిగా వచ్చి ఇంట్లో మూల కూర్చున్న నన్ను నలుగురిలోకి తెచ్చింది ఆమే.

మాది మహబూబాబాద్ వైపు తండా. వాగుకు అటు పెద్ద ఊరు, ఇటు మేము, రెంటికీ ఒకటే పంచాయతీ. మిర్చి ఏరే రోజుల్లో ఆడవాళ్లం గుంపుగా ఒకే ఆటోలో పోయేవాళ్లం. ఎవరి చేనుకు ఎప్పుడు పోవాలో యాడి చెప్పేది. ఆమె కాదంటే ఏ రైతుకూ మా తండా నుంచి ఒక్క కూలీ దొరికేది కాదు. ఆ ఏడాది అంగన్వాడీకి కొత్త గది మంజూరైంది. ఊళ్లో పాతది ఉండనే ఉంది, ఇదీ అక్కడే కడతారని చెప్పుకున్నారు. నా బిడ్డ అప్పుడప్పుడే నడక నేర్చింది. వాగు పొంగితే పసిపిల్లలు అటు ఎలా పోతారు? గుడ్డూ పాలూ అటుంటాయి, తినాల్సిన పిల్లలు ఇటుంటారు. చేనులో ఈ గోడే వెళ్లబోసుకుంటుంటే యాడి వినీ వినీ విసుక్కుంది.

"ఈ ముచ్చట మిరప చెట్టుకు చెప్తె ఏమొస్తది బిడ్డా? సభల చెప్పు."

"నాకు మాట్లాడరాదు యాడీ."

"నాకు చేను తెలుగే వస్తది, సభ తెలుగు రాదు. నాకంటె నువ్వు నయమే గద!"

సభ రోజున గుంపంతా పనికి నాగా పెట్టింది. చేను రైతు బండి మీద ఉరుక్కుంటూ వచ్చాడు. "కాయ పండి రాలుతున్నది, ఇయ్యాల నాగా ఏందవ్వా?" అన్నాడు. "నువ్వు గూడ సభకే పోతున్నవ్ గద పటేలా," అంది యాడి. "మీరు పోయొచ్చి మాకు చెప్తరని గిన్నేండ్లు చేన్లనే ఉన్నం. ఇయ్యాల మేం గూడ వస్తం." అతను బండి తిప్పుకున్నాడు.

షామియానా కింద వెనకగా కూర్చున్నాం. కార్యదర్శి కాగితం గడగడా చదివి, అందరికీ సమ్మతమే కదా అన్నాడు. ముందున్న మగవాళ్లు చప్పట్లు కొట్టారు. పెద్దమనిషి మాట్లాడాడు, మర్యాదకు కొడుతున్నారనుకుని మేమూ కొట్టాం, వాళ్లకంటే గట్టిగా. ఎందుకని ముందాయనను అడిగితే, "అంగన్వాడీ మా ఊళ్లె కట్టనీకి మీరు గూడ ఒప్పుకున్నరు గద!" అన్నాడు సంబరంగా. యాడి చెవిలో చెప్పాను. ఆమె మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది.

"ఆగుండ్రి సార్. మేం కొట్టిన చప్పట్లు వాపస్ తీసుకుంటున్నం."

అందరూ గొల్లున నవ్వారు. కార్యదర్శి కూడా నవ్వి, "అట్లా ఉండదమ్మా, తీర్మానం అయిపోయింది," అన్నాడు.

"సభ అయిపోయిందా?"

"ఇంకా కాలేదు."

"తెల్వక కొడితె లెక్కకు తీసుకున్నరు. ఇప్పుడు తెల్సుకొని వద్దంటున్నం, ఈ మాట గూడ లెక్కకు తీసుకోండ్రి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. యాడి నా చెయ్యి పట్టుకుని లేపి, "ఇగ నువ్వు చెప్పు, నీ బిడ్డ ముచ్చట," అంది. వాగు గురించి వచ్చినట్టే చెప్పాను. వానకాలం ఒక్కసారి వచ్చి ఒడ్డున నిలబడి చూడమన్నాను. సర్పంచ్ మళ్లీ అడిగి, ఈసారి చేతులెత్తమన్నాడు. మావాళ్లందరి చేతులూ లేచాయి. ఊరివాళ్లలో ముందుగా చెయ్యెత్తింది మా మిర్చి రైతే. నిజంగా వాగే గుర్తొచ్చిందో, రేపు కూడా మేం నాగా పెడతామని భయపడ్డాడో, నేనెప్పుడూ అడగలేదు.

గది తండాలోనే కట్టారు. నా బిడ్డ అక్కడే గుడ్డు తిని పెరిగింది. యాడి ఇప్పుడు లేదు. ఆమె లేని లోటు నాకు ఇంట్లో కంటే సభలోనే ఎక్కువ తెలుస్తుంది.

నేనిప్పుడు వార్డు మెంబర్‌ను. పోయిన సభలో తండాకు బాట వేసే తీర్మానం నేనే చదివాను. ఎండ ముదురుతోందని తొందర తొందరగా చదివేశాను. చప్పట్లు మొదలవుతుంటే వెనక నుంచి కొత్త కోడలొకామె మా మాటలోనే అంది: "అక్కా, ఆగు. నాకు సమజ్ కాలె." నిజం చెప్పాలంటే ఒళ్లు మండింది. అయినా కుర్చీ దిగి పోయి, ఆమె పక్కన చాప మీద కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. అంతా విని ఆమె, బాట ఆ దారిన వద్దంది. ఎందుకు వద్దో అందరికీ చెప్పమని చెయ్యి పట్టుకుని లేపాను.