నేను పుచ్చుకోని జీతం

అత్తవారింట్లో నాకు ఏ లోటూ జరగలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇన్‌కంటాక్సు వ్యవహారంలో మా మావగారి ప్రసక్తి తెచ్చేసరికి, ఆయన నన్నేదో అవమానించి ఉంటారని విన్నవాళ్ళు అనుకుంటారు. అవమానించి ఉంటే బాగుండేది. హాయిగా కోపం తెచ్చుకుని, పెట్టె సర్దుకుని బయటపడి ఉండేవాణ్ణి. ఆయన మర్యాద చేశారు. నెలల తరబడి, ఒక్క పూట కూడా తగ్గకుండా మర్యాద చేశారు.

అరవైల మొదట్లో నేను బందరులో ఒక ఓడల ఏజెంట్ల ఆఫీసులో అకౌంటెంటుని. జీతం మంచిదే. మంచిది కాబట్టే ప్రతి నెలా అందులోంచి ఇన్‌కంటాక్సు పట్టుకునేవారు. రేవులోకి సరుకు రావడం ఏటేటా తగ్గిపోయి, చివరికి కంపెనీ వాళ్ళు బందరు ఆఫీసు ఎత్తేసి కాకినాడ వెళ్ళిపోయారు. నన్ను రమ్మనలేదు. అప్పటికి నాకు పెళ్ళయింది, పాకే వయసులో ఒక ఆడపిల్ల ఉంది. అద్దె ఇల్లు ఖాళీ చేసి, నాలుగు రోజులు ఉండి వద్దామనుకుని దివిసీమలో మా అత్తవారి ఊరు వెళ్ళాం. వానాకాలం మధ్యలో వెళ్ళినవాళ్ళం, మళ్ళీ కోతలు అయ్యేదాకా అక్కడే ఉండిపోయాం.

మా మావగారు ఆ ఊరికి మునసబు. శిస్తు వసూలు చేసేది ఆయనే, ఊళ్ళో ఎవరికి ఏ సర్టిఫికెట్టు కావాలన్నా రాసి సీలు వేసేదీ ఆయనే. మాగాణి బాగా ఉంది. మనిషి కూడా మంచివారు. ఆ మంచితనంతోనే నా ప్రాణం తీశారు. నేను చేద తీసుకుని నూతి దగ్గరికి వెళ్తే ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి లాక్కునేవారు. పొలం వెళ్తే గట్టు మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. ఊరికే కూర్చోలేక, "శిస్తు లెక్కలు నేను చూసి పెడతాను మావయ్యగారూ" అని ఒకసారి అన్నాను.

"అల్లుడి చేత చాకిరీ చేయించుకుంటున్నానని నలుగురూ అనాలా?" అన్నారాయన. "మీరు కూర్చోండి. పేపరు వచ్చిందేమో చూడండి."

పేపరు బస్సులో మధ్యాహ్నానికి వచ్చేది. పొద్దున్నించీ దాని కోసం ఎదురుచూసేవాణ్ణి, రాగానే ఉద్యోగాల పేజీ చదివేవాణ్ణి, ఆ తరవాత మర్నాటి పేపరు కోసం ఎదురుచూసేవాణ్ణి. మా ఆవిడ మాత్రం పుట్టింట్లో అడుగుపెట్టిన వారానికే మళ్ళీ పెళ్ళికాని పిల్లయిపోయింది. వాళ్ళ అమ్మ జడ వేస్తుంటే కబుర్లు చెబుతూ కూర్చునేది. నాకు ఒళ్ళు మండేది. ఎవరి మీద మండాలో తెలిసేది కాదు.

చివరికి గుడివాడలో ఒక రైసు మిల్లులో లెక్కలు రాసే పని దొరికింది. బందరులో ఇచ్చినదానిలో సగం కూడా లేదు జీతం. అయినా ఎగిరి గంతేసి, వాళ్ళిద్దర్నీ అక్కడే ఉంచి ఒక్కణ్ణే వెళ్ళి చేరాను. మిల్లు వెనక బస్తాల పక్కన ఒక గది ఇచ్చారు. మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. తవుడు దుమ్ము నిద్రలో కూడా ముక్కులోకి పోయేది. అందులోకి భార్యాబిడ్డల్ని ఎలా తీసుకురాను? బజారుకి దగ్గర్లో రెండు గదుల వాటా ఒకటి చూశాను. ఇంటామె అడ్వాన్సు అడిగింది. నా దగ్గర లేదు. మావగారిని అడిగితే ఆ క్షణంలో ఇచ్చేవారు. అందుకే అడగలేదు.

అప్పుడు మిల్లు లెక్కలు చూడటానికి వచ్చే ఆడిటరుగారు నా గోడు విని ఒక సంగతి చెప్పారు. కంపెనీ వాళ్ళు ఏడాది పొడుగునా జీతం వస్తుందని లెక్కేసి నా దగ్గర పన్ను పట్టారు. మధ్యలో నెలల తరబడి జీతం లేదు, తరవాత వచ్చింది చిన్న జీతం. మొత్తం కలిపితే పన్ను కట్టాల్సినంత ఆదాయమే కాదు. పట్టుకున్నదంతా వాపసు ఇస్తారు, అర్జీ పెట్టుకోండి అన్నారు. లెక్కేసి చూస్తే ఇంటి అడ్వాన్సూ, వంటసామానూ రెండూ వచ్చేటట్టున్నాయి. ఆ రాత్రి మా ఆవిడకి ఉత్తరం రాశాను. ఆ డబ్బు చేతికి రాగానే వచ్చి తీసుకెళ్తానని.

మిల్లులో సెలవడిగి రైల్లో బందరు వెళ్ళాను. ఇన్‌కంటాక్సు ఆఫీసరుగారు నెమ్మదైన మనిషి. కంపెనీ ఇచ్చిన కాగితాలన్నీ చూసి, తలూపారు.

"అంతా సబబుగానే ఉందండీ. ఒక్కటే సందేహం. మధ్యలో ఇన్ని నెలలు ఆదాయం లేదంటున్నారు. మరి ఎలా గడిచింది?"

"మా మావగారింట్లో ఉన్నామండీ."

"అయితే ఆయన దగ్గర ఒక కాగితం తెండి. మిమ్మల్నీ మీ కుటుంబాన్నీ ఆయనే పోషించారనీ, మీకు వేరే రాబడేమీ లేదనీ రాయించి, కింద ఊరి మునసబు చేత సర్టిఫై చేయించండి."

"మునసబు ఆయనేనండీ."

"మరింకేం? ఒక్క సంతకంతో పోతుంది" అని నవ్వారు.

నేనూ నవ్వాను. అదే రోజు బస్సెక్కి దివిసీమ వెళ్ళాను. భోజనాలయ్యాక మావగారితో సంగతి చెప్పాను. ఆయన చుట్ట వెలిగించుకోబోతూ ఆగిపోయారు.

"పోషించానని రాయాలా?"

"అది వాళ్ళ ఆఫీసు భాషండీ. మామూలు మాటే."

"అల్లుడికి అన్నం పెట్టానని గవర్నమెంటుకి రాసిచ్చి, కింద సీలు కూడా వెయ్యాలంటారు."

"మావయ్యగారూ, డబ్బు వాపసు రావాలంటే..."

"ఊళ్ళో దిక్కులేనివాళ్ళకి రాస్తాను అల్లుడుగారూ ఆ మాట. ఫలానావాడు ఫలానావాడి పోషణలో ఉన్నాడు, వేరే ఆధారం లేదు అని. అదే మాట మీకు రాయమంటారా? ఈ చేత్తో?" చుట్ట వెలిగించకుండానే పక్కన పెట్టేశారు. "ఎంత కావాలో చెప్పండి. పొద్దున్నే ఇస్తాను. కాగితం మాత్రం అడక్కండి."

ఆయన ఇచ్చేది తీసుకోడానికి నేను సిద్ధంగా లేను, నాకు కావలసినది ఇవ్వడానికి ఆయన సిద్ధంగా లేరు. ఉన్నమాట రాయడానికి ఇంత గొడవేమిటని లోపల కుతకుత ఉడికిపోయాను. ఆ ఇంట్లో పైకి అనడం అనేది నేను ఎప్పుడో మరిచిపోయాను.

మర్నాడు నేను బయల్దేరేముందు మా ఆవిడ చేతిసంచీ అందిస్తూ, "మీరు అడిగితే సర్కారువాళ్ళు నోటీసిచ్చినట్టుంటుంది. నేను అడుగుతా, వదిలెయ్యండి" అంది.

"నీకు రావాలని ఉందా అసలు?" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు.

ఆవిడ నా వంక చూసింది. "ఇక్కడ మీ మొహం ఎలా ఉంటోందో మీకు తెలీదు. నాకు తెలుసు. అందుకే అడుగుతానంటున్నా" అంది.

రెండు వారాలు గడిచాక ఆవిడ ఉత్తరం వచ్చింది. నాన్న ఒప్పుకున్నారు. సర్టిఫికెట్టు రాసి, అల్లుడు చేత్తో మోసుకెళ్ళడమేమిటని, రిజిస్టరు పోస్టులో నేరుగా ఆఫీసరుగారికే పంపించేశారు. ఏం రాశారో ఎవరికీ చూపించలేదు. ఇక ఇల్లు మాట్లాడెయ్యండి అని రాసింది. నేను ఆ సాయంత్రమే వెళ్ళి ఇంటామెకి మాట ఇచ్చాను. రెండు గదులూ ఇంకోసారి తిరిగి చూసుకున్నాను. ఉయ్యాల ఎక్కడ కట్టాలో కూడా అనుకున్నాను.

బందరు ఆఫీసులో ఈసారి ఆఫీసరుగారు నన్ను చూసి నవ్వలేదు. బల్ల మీద నుంచి ఒక కాగితం తీసి నా వైపు జరిపారు. మావగారి దస్తూరీ. ఒక్కో అక్షరం ముత్యంలా ఉంది.

నేను ఆ నెలలన్నీ తన వ్యవసాయానికి మేనేజరుగా పనిచేశానని రాశారాయన. అందుకు నెలనెలా జీతం ముట్టజెప్పానని రాశారు. ఎంతో కూడా రాశారు. బందరు కంపెనీ నాకిచ్చినదానికన్నా ఎక్కువ. ఆ కంపెనీ ఇచ్చినదానికన్నా ఆయన తక్కువ ఇస్తే అల్లుడికి చిన్నతనం కదా! చివర ఇంకో వాక్యం: ఈ జీతం వ్యవసాయపు రాబడిలోంచి ఇచ్చినది గనుక దీనికి పన్ను వర్తించదని మనవి.

"వ్యవసాయం మీద పన్ను లేదనేది నిజమే" అన్నారు ఆఫీసరుగారు మెల్లిగా. "అది పొలం ఎవరిదైతే వాళ్ళకి. మీకు అందింది జీతం. ఏ డబ్బులోంచి ఇచ్చినా జీతం జీతమే. ఇది కలిపితే మీకు వాపసు రాదు సరికదా, ఇంకా కట్టాల్సి వస్తుంది."

నేను ఆ కాగితంలో చివరి వాక్యం మళ్ళీ చదివాను.

"మొదట మీరు ఆదాయం లేదన్నారు. ఈయన ఉందంటున్నారు. ఈయన మామూలు మనిషైతే పిలిపించి అడిగేవాణ్ణి. మునసబు. సీలు వేశారు. ఇది అబద్ధమంటే నేను కలెక్టరాఫీసుకి రాయాలి." ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మీరే చెప్పండి. ఇందులో రాసింది నిజమేనా?"

పక్క బల్ల దగ్గర గుమాస్తా కలం ఆపి వింటున్నాడు. నిజం కాదంటే మావగారి మునసబీ పోతుంది. అల్లుడు ఊరికే కూర్చుని తిన్నాడని రాయలేక ఒక పెద్దమనిషి దొంగ సర్టిఫికెట్టు ఇచ్చాడని ఊరంతా అనుకుంటుంది. నిజమంటే నా ఇల్లు పోతుంది. నాకు ఎవరూ అన్యాయం చెయ్యలేదు. ఆఫీసరు మర్యాదస్తుడు, మావగారు మర్యాదస్తులు, ఇద్దరి మర్యాదల మధ్యా నాకు ఊపిరాడలేదు.

"నిజమేనండీ" అన్నాను.

ఆయన కొంచెంసేపు నా మొహంలోకి చూశారు. నమ్మలేదని నాకు తెలుసు. కళ్ళజోడు పెట్టుకుని రాసుకున్నారు. కట్టాల్సిన పన్ను వాయిదాల్లో కట్టుకోడానికి అనుమతి ఇప్పిస్తానన్నారు. అందుకు థాంక్స్ చెప్పి బయటికొచ్చి, ఆ వీధిలో ఎండలో నిలబడి, మావగారిని మనసులో తిట్టగలిగినన్ని తిట్లు తిట్టాను.

ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చుకోమని ఇంటామెకి చెప్పేశాను. ఆదివారం దివిసీమ వెళ్ళేసరికి మా ఆవిడ అప్పటికే ట్రంకుపెట్టె సర్దేసి ఉంది. అరుగు మీద నలుగురు రైతులతో కూర్చున్న మావగారు నన్ను చూడగానే, "పనయిందా అల్లుడుగారూ?" అని అడిగారు.

"అయిందండీ" అన్నాను. ఆ నలుగురి ముందు ఆయన మొహం వెలిగిపోయింది.

లోపలికెళ్ళి మా ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ పెట్టె మీద కూలబడింది.

"ఎంత రాశారు నాన్న?"

చెప్పాను. ఆవిడకి నవ్వొచ్చింది, వెంటనే కళ్ళ నీళ్ళొచ్చాయి. "అంత జీతం వస్తుంటే నాకు ఒక్క చీర కొన్నారా మీరు?" అంది. తరవాత, "నాన్నకి చెబితే?" అంది.

"పన్ను ఆయనే కట్టేస్తారు. అడ్వాన్సూ ఆయనే ఇస్తారు. గిన్నెలూ ఆయనే కొంటారు."

"అయితే చెప్పకండి." పైట చెంగుతో మొహం తుడుచుకుని లేచింది. "ఆ మిల్లు గదిలోకే పోదాం. మంచం తీసేస్తే తలుపు తెరుచుకుంటుందిగా?"

"తెరుచుకుంటుంది."

"చాలు."

బస్సు దగ్గరికి మావగారు స్వయంగా వచ్చారు. చంటిదాన్ని దారి పొడుగునా ఆయనే ఎత్తుకున్నారు. సామాను పైకి ఎక్కిస్తుండగా నన్ను పక్కకి పిలిచారు.

"ఒక్క మాట అల్లుడుగారూ. ఆ కాగితం నేను మీరడిగిన పూటే రాయగలిగేవాణ్ణి. పోషించాననే మాట బదులు ఏం రాయాలో అప్పుడే తట్టింది. రాస్తే మీకు డబ్బొస్తుంది, డబ్బొస్తే వీళ్ళని తీసుకెళ్ళిపోతారు. ఈ చంటిది లేకపోతే నాకు పొద్దెలా గడుస్తుందా అని రెండు వారాలు కలం పట్టుకోలేదు." ఆయన నా మొహంలోకి చూడలేక రోడ్డు వంక చూస్తున్నారు. "తరవాత అమ్మాయి వచ్చి అడిగింది. సంసారం చేసుకునేవాళ్ళకి నేనే అడ్డం పడుతున్నానని సిగ్గేసింది. అందుకే రాసేశాను. జీతం కూడా గట్టిగానే రాశాను. మీరు ఎక్కడా తక్కువ కాకూడదు."

నేను దాచుకున్న తిట్లన్నీ గొంతులోనే ఎండిపోయాయి. ఆ ఇంట్లో అన్ని నెలలు తిన్న అన్నానికి నేను ఎప్పుడూ కృతజ్ఞత చెప్పలేదు. అల్లుడు చెప్పకూడదు, చెబితే పరాయివాడైపోతాడు. ఆ రోజు మాత్రం ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను.

"మీ సంతకం వల్లే బయటపడ్డాం మావయ్యగారూ" అన్నాను.

ఆయన పై కండువాతో కళ్ళు ఒత్తుకుని, చంటిదాన్ని నా చేతికిచ్చి, మా అల్లుడుగారికి ముందు సీటు చూడవయ్యా అని కండక్టరుకి చెప్పారు.