నా నోట చెప్పించిన తీర్మానం

మా ఊరి గ్రామసభలో హిందీని తెలుగులోకి, దోర్లిలోకి మార్చి చెప్పే పని నాది. ఆ పని నాకెవరూ అప్పజెప్పలేదు. మా ఊరు తెలంగాణ సరిహద్దుకు అవతల, సర్కారు కాగితాలన్నీ హిందీలోనే. పంచాయతీ కార్యదర్శిని మేం సచివ్ అంటాం. ఆయనది బయటి జిల్లా, హిందీ తప్ప ఇంకో మాట రాదు. మా ఊళ్లో సగం ఇళ్లలో తెలుగు, మిగతా సగంలో దోర్ల గిరిజనుల మాట దోర్లి. నేను ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి దాకా హిందీలో చదివాను. అందుకని ఏ అధికారి వచ్చినా ముందు నాకే కబురొచ్చేది. పొయ్యి మీద అన్నం ఉంటే దించేసి వెళ్లేదాన్ని. తరవాత వార్డు పంచ్‌గా, అంటే మెంబరుగా గెలిచాను కానీ, పని మాత్రం అదే.

మా ఊరికీ రోడ్డుకూ మధ్య ఒక వాగు ఉంది. వంతెన లేదు. అన్నలకూ పోలీసులకూ గొడవలు ముదిరిన రోజుల్లో మా పంచాయతీ రేషన్ దుకాణాన్ని వాగు అవతల, రోడ్డు మీది ఊరికి మార్చారు. గొడవలు తగ్గాయి, రోడ్డు వచ్చింది, పోలీసు క్యాంపు వచ్చింది. దుకాణం మాత్రం అక్కడే ఉండిపోయింది. బియ్యం కోసం పొద్దున బయల్దేరితే ఇంటికి చేరేసరికి పొద్దు వాలేది. వానాకాలంలో ఆడవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, నెత్తిన మూటతో నడుములోతు నీళ్లలో దాటేవాళ్లు. ఒక ఏడు మా వాడకట్టు మనిషి ఒకాయన కాలు జారి మూట వదిలేశాడు. బియ్యం కొట్టుకుపోయాక ఇంటికి పోవడానికి మొహం చెల్లక సాయంత్రం దాకా ఒడ్డునే కూర్చున్నాడు. ఆయన భార్య వచ్చి చెయ్యి పట్టి లేపి తీసుకుపోయింది.

కాబట్టి ఊళ్లో ఎవరిని అడిగినా ఒకటే కోరిక చెప్పేవాళ్లు. దుకాణం ఇవతలికి రావాలి.

సర్పంచ్ పదవికి మా ఊరి ఆమె ఒకతె నిలబడ్డప్పుడు నేను సంతోషపడినంతగా ఆమె మొగుడు కూడా పడి ఉండడు. ఆమె దోర్ల మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను అక్కా అని పిలిచేదాన్ని. తెలంగాణ వైపు మిరపకాయలు ఏరడానికి మూడు సీజన్లు ఇద్దరం కలిసి వెళ్లాం. ఒకే పరదా కింద పడుకున్నాం. ఆమె తెలుగు అక్కడే బాగా అబ్బింది. రెండో ఏడు నా పెద్దకొడుకుకు జ్వరం వచ్చి ఒళ్లు కాలిపోతుంటే, వాణ్ని భుజాన వేసుకుని చర్ల ఆసుపత్రి దాకా ఆమే నడిచింది. నేను వెనక ఏడుస్తూ నడిచాను. ఆమెకు చదువు లేదు. నామినేషన్ వేసే ముందు, వేలిముద్ర వేస్తే అధికారులు చులకనగా చూస్తారని, మా వాకిట్లో పుల్లతో గీసి సంతకం నేర్పాను. మూడు రోజుల్లో నేర్చుకుంది. ఒక అక్షరం మాత్రం ఎప్పుడూ తిరగబడేది.

ఆమె కోసం ఇల్లిల్లూ తిరిగాను. "ఈ అక్క గెలిస్తే దుకాణం మన దిక్కుకు వస్తది. నాదీ పూచీ" అని చెప్పాను. ఆమె గెలిచింది.

గెలిచిన ఏడాదికి రోడ్డు మీది ఊళ్లో ఇల్లు కట్టుకుంది. అధికారులతో తిరిగి తిరిగి హిందీ కూడా పట్టుబడింది. నాకేమీ తప్పనిపించలేదు. మా వైపు ఫోన్ పలకదు, అధికారులు వాగు దాటరు. సర్పంచ్ అన్న మనిషి అందుబాటులో ఉండాలి కదా అని నేనే నలుగురికీ సర్దిచెప్పాను.

ఇప్పపూల పని ముగిసిన ఎండాకాలంలో గ్రామసభ పెట్టారు. దుకాణానికి కొత్త బిల్డింగ్ మంజూరైందన్నారు. అంగన్‌వాడీ రేకుల షెడ్డు నిండిపోయింది. సచివ్ ఒక విడి కాగితం తీసి హిందీలో గబగబా చదివాడు. వాగు ఇవతల, అంగన్‌వాడీ పక్కనున్న మెరక మీద రేషన్ దుకాణం కట్టాలని గ్రామసభ తీర్మానిస్తోంది అని. నేను ముందు తెలుగులో, తరవాత దోర్లిలో చెప్పాను. రెండుసార్లు చెప్పమన్నారు, రెండుసార్లు చెప్పాను. ఒక పెద్దాయన అప్పటికప్పుడే లేచి పోయి మెరక మీద నాలుగు మూలలా నాలుగు కర్రలు పాతి వచ్చాడు. అందరూ నవ్వారు.

తరవాత రిజిస్టర్ తిప్పారు. పేజీ పై సగం ఖాళీగా ఉంది. కింది సగంలో వేలిముద్రలు వేయాలి.

నేను సర్పంచ్ పక్కకు వంగి అడిగాను. "అక్కా, పైన ఏం రాయలేదేంది?"

"ఆఫీసుకు పోయినంక సాఫు చేసి ఎక్కిస్తడంట. ఇప్పుడు రాస్తే దస్తూరి బాగుండదంటున్నడు."

"రాసినంక వేస్తే కాదా?"

"మళ్ల ఇంతమంది ఎప్పుడు కూడుతరే? నేనున్న కద."

నేనున్న కద అన్నాక నేనింకేం అడుగుతాను? రిజిస్టర్ నేనే పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాను. మా పక్కింటి అవ్వ మాత్రం చెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఆమెకు కొడుకు లేడు, కోడలు లేదు. తన బియ్యం తనే మోసుకొచ్చుకుంటుంది.

"ఏం రాసిన్రో సదువు బిడ్డా" అంది.

"ఇప్పుడు చెప్పిందే అవ్వా. అదే రాస్తరు."

"నువ్వు చెప్తున్నవా?"

"నేనే చెప్తున్న."

అవ్వ బొటనవేలు నా చేతికిచ్చింది. నేనే సిరాపెట్టెలో అద్ది కాగితం మీద ఒత్తాను.

తొలకరి పడింది. నారు పోసుకునే పనుల్లో నెల గడిచింది. ఒకరోజు బాసగూడ సంతకు పోతూ వాగు దాటి రోడ్డెక్కాను. సర్పంచ్ ఇంటి పక్క ఖాళీ జాగాలో పునాది తవ్వి ఉంది. గోడ మోకాలెత్తు లేచింది. తాపీమేస్త్రి తెలంగాణ నుంచి వచ్చిన మనిషి. తెలుగులో మాట్లాడే మనిషి కనబడితే రోడ్డు మీద ఎవరమైనా ఆగుతాం, నేనూ ఆగాను.

"ఏం కడుతున్రన్నా?"

"రేషన్ దుకానమ్మా."

నేను నవ్వాను. "మా పంచాయతీది కాదేమో. మాది వాగు అవతల కడతరు."

"నాకేం తెల్సమ్మా. నాకిచ్చిన కాయిదంల ఈ జాగనే ఉంది. మీ సర్పంచమ్మనే వచ్చి కొబ్బరికాయ కొట్టింది."

సంతలో ఏం కొన్నానో గుర్తులేదు. మేస్త్రి పొరబడ్డాడని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను. మూడో రోజు బస్సెక్కి, మండలాఫీసు లాంటి జనపద్ ఆఫీసుకు పోయాను. వార్డు పంచ్‌ని, మా గ్రామసభ తీర్మానం చూడాలి అన్నాను. గుమస్తా మంచివాడే. రెండు గంటలు కూర్చోబెట్టినా చివరికి ఫైలు తీసి చూపించాడు.

ఖాళీగా చూసిన పై సగం ఇప్పుడు నిండుగా ఉంది. దస్తూరి నిజంగానే అందంగా ఉంది. వాగు దాటించి సామాను చేరవేయడం వీలుకాదు గనుక, రోడ్డు పక్క స్థలంలోనే దుకాణం కట్టాలని గ్రామసభ ఏకగ్రీవంగా కోరుతోంది అని రాసి ఉంది. దాని కింద ఇంకో వాక్యం. తీర్మానాన్ని స్థానిక భాషలో చదివి వినిపించడమైనది.

ఆ స్థానిక భాష నేనే. దాని కింద వరసగా వేలిముద్రలు. అవ్వది కొంచెం పక్కకు జారి ఉంది, నేను ఒత్తినప్పుడు జారింది. అందరి పైన సర్పంచ్ సంతకం, ఒక అక్షరం తిరగబడి. పక్కనే నాది.

గుమస్తా "క్యా హువా, బహన్?" అన్నాడు. ఏమీ లేదన్నాను.

ఆఫీసు నుంచి నేరుగా ఆమె ఇంటికే వెళ్లాను. వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి పీట జరిపింది. నేను కూర్చోలేదు.

"కాయిదం చూసొచ్చిన అక్కా."

ఆమె చెయ్యి ఆగింది. దేని కాగితమని అడగలేదు. ఆ అడగకపోవడంతోనే నాలో మిగిలిన కాస్త ఆశా పోయింది.

"కూసో. చెప్త" అంది.

"నిలబడే వింట."

"లారీ వాగు దాటదన్నరే. లారీ వచ్చే జాగ చూపకపోతే బిల్డింగ్ వేరే పంచాయతీకి పోతదన్నరు. చేతికొచ్చింది పోగొట్టుకుందామా? ఈడ ఉన్నా మన పేరు మీదనే కద."

"మరి అదే మాట సభల చెప్పొచ్చు కద. వద్దంటరో సరే అంటరో వాళ్లు చెప్పేటోళ్లు."

"వద్దంటరు. నాకు తెల్సు."

"నాకన్న చెప్పకపోతివి. నాకెందుకు చెప్పలే?"

ఆమె చింతపండు పక్కకు పెట్టి నా మొహంలోకి చూసింది. ఆ చూపులో నేనాశించిన సిగ్గు లేదు. పిల్లలకు తెలియని సంగతి చెప్పేటప్పుడు ఉండే ఓపిక ఉంది.

"నీకు అబద్ధం చెప్పరాదు చెల్లె. నీకు తెలిస్తే నీ మొహంలనే కనబడ్తది. నువ్వు నమ్మి చెప్తేనే వాళ్లు నమ్ముతరు. నాకు తెలుగు రాదా, దోర్లి రాదా? నేను చెప్తే ఒక్కరన్న వేలు పెడుదురా?"

ఆమె నన్ను మోసం చేయడం ఒక ఎత్తు. మోసానికి పనికొచ్చే గుణం నాలో ఏదో చాలా రోజుల ముందే చూసి పెట్టుకోవడం ఇంకో ఎత్తు. మిరప తోటల్లో మూడేళ్లు పక్కపక్కన పడుకున్నప్పుడే చూసి ఉంటుంది. నేను వచ్చేశాను. వాగులో మోకాళ్ల దాకా నీళ్లున్నాయి. చీర ఎత్తుకోవడం కూడా గుర్తుకు రాలేదు.

ఆ సంగతి ఊళ్లో చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ రెండు నెలలు లాగాను. మెరక మీది కర్రలు రెండు పడిపోయాయి, ఒకదానికి ఎవరో మేకను కట్టేశారు. జనం మునుపటిలాగే మాట్లాడేవాళ్లు, కాకపోతే కొంచెం తక్కువ. అది నా భ్రమేమో అనుకున్నాను. అవ్వ మూటతో వాగు దాటుతుంటే ఎదురెళ్లి అందుకోబోయాను. "వద్దు బిడ్డా, అలవాటే" అని పక్కనుంచి పోయింది.

మళ్లీ గ్రామసభ వచ్చింది. సచివ్ చదవడం మొదలుపెట్టక ముందే నేను లేచి నిలబడ్డాను. సర్పంచ్ కుర్చీలో ఉంది. ఆమె వైపు చూడకుండా, పోయిన సభలో నేను చెప్పింది ఒకటి, కాగితం మీద రాసింది ఒకటి అని తెలుగులో చెప్పాను. తరవాత దోర్లిలో చెప్పాను. రిజిస్టర్ ఖాళీగా ఉన్నా వేలిముద్రలు వేయించింది నేనే, తప్పు నాది అన్నాను.

సచివ్ అటూ ఇటూ చూసి "క్యా బోల్ రహీ హై?" అని అడిగాడు. ఆయనకు మార్చి చెప్పే మనిషిని నేనే.

అవ్వ నోరు విప్పింది.

"మాకు ఎప్పుడో తెల్సు బిడ్డా. గోడ లేస్తుంటే మాకు కండ్లు లేవా?"

"మరి నన్నెందుకు అడగలే అవ్వా?"

"నువ్వు గూడ కలిసినవనుకున్నం" అంది. ఆమె గొంతులో కోపం లేదు. "అడిగితే ఇంకోటి చెప్తవ్. మళ్ల నమ్మాల్సొస్తది. ఎందుకులే అనుకున్నం."

నేను అక్కడే చాప మీద కూర్చుండిపోయాను. ఆ రెండు నెలలూ వాళ్లు నా పెరట్లో ఆకుకూర కోసుకుపోయారు. వాళ్ల పిల్లల ఆధార్ కాగితాలు నాతోనే నింపించుకున్నారు. నా కొడుకుకు ఒంట్లో బాగాలేకపోతే వచ్చి చూసిపోయారు. అన్నాళ్లూ వాళ్ల మనసులో నేను వాళ్లను అమ్మేసిన మనిషిని. అయినా నాతో ఉండక తప్పని మనిషిని. సర్పంచ్ చేసిందాని కంటే ఇదే నన్ను ఎక్కువ రోజులు నిద్రపోనివ్వలేదు.

ఆ పొద్దు రిజిస్టర్ నేను తీసుకున్నాను. సచివ్ వద్దనబోతే ముగ్గురు పెద్దలు లేచి ఆయన కుర్చీ దగ్గర నిలబడ్డారు. ఒక్క గీత కూడా ఖాళీ వదలకుండా నా దస్తూరితో, దుకాణం వాగు ఇవతలే కావాలని కొత్త తీర్మానం రాశాను. దాన్ని మూడు భాషల్లో చదివాను. వేలిముద్ర వేసేముందు, హైస్కూలు చదువుతున్న ఒక కుర్రాణ్ని పిలిచి మళ్లీ చదివించారు. నేను చదివిందే వాడూ చదివాడో లేదో సరిచూసుకున్నాకే వేళ్లు పెట్టారు. ఆ పని నా కళ్లముందే చేశారు. చేయడం సబబే.

జిల్లా కేంద్రంలో అర్జీలు తీసుకునే రోజున ఏడుగురం పోయాం. లేచిన బిల్డింగును జరపలేమని అధికారి ముందే చెప్పేశాడు. ఐతే వానాకాలం నెలల బియ్యం ముందుగానే వాగు ఇవతలికి చేరవేయించి అంగన్‌వాడీలో పంచేట్టు ఉత్తరువు రాశాడు. మిగతా నెలలు నడక తప్పదు.

ఈ ఏడు వాన పడకముందే ట్రాక్టర్ వచ్చింది. నీళ్లు లేని వాగులోంచి ఇసుకలో కూరుకుపోతూ, లేస్తూ వచ్చింది. కుర్రాళ్లు తోశారు. సచివ్ వచ్చాడు, బ్లాకు నుంచి ఒక అధికారి వచ్చాడు, సర్పంచ్ కూడా వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. మా ఇద్దరికీ మాటల్లేక ఏడాది దగ్గరకొస్తోంది.

అధికారి హిందీలో ఏదో చెప్పాడు. నాలుగు నెలల బియ్యం ఒకేసారి ఇస్తున్నాం, తడవకుండా దాచుకోండి, కార్డులు చూపించండి అని. అలవాటు ప్రకారం జనం నావైపు తిరిగారు. సర్పంచ్ కూడా తిరిగింది.

"చెప్పవే చెల్లె" అంది, మా మధ్య ఏమీ జరగనట్టు.

"నీకు వచ్చు కదక్కా. నువ్వే చెప్పు" అన్నాను.

ఒక్క క్షణం తడబడింది. తరవాత కొంగు సర్దుకుని ముందుకొచ్చి చెప్పింది. ముందు తెలుగులో, తరవాత దోర్లిలో. బాగానే చెప్పింది, ఒక్క మాట వదల్లేదు. జనం వింటూ వింటూ మధ్యమధ్య నా మొహం చూశారు. అధికారి చెప్పిందే చెప్తోంది కాబట్టి నేను తలూపాను. తరవాత నా సంచి తీసుకుని వరసలో అవ్వ వెనక నిలబడ్డాను.