బస్సెక్కే ముందు కల్లు

మా తమ్ముడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడడు. ప్రశ్న అడిగితే జవాబు వస్తుంది గానీ, అడిగినవాడికి అంత ఓపిక ఉండాలి. ఇప్పుడైతే దానికి ఆటిజం అనే పేరుంది. అప్పట్లో సిరిసిల్లలో వాడిని మంచి పనోడు అనేవాళ్లు. మరమగ్గాలను మేం సాంచలంటాం. వాటి మోతలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు కాబట్టి, అక్కడ పెద్దగా తేడా తెలియలేదు.

తెలిసేది బస్సులో. అన్నల కోసం, అంటే నక్సలైట్ల కోసం, పోలీసులు దారి పొడుగునా బస్సులు ఆపే రోజులవి. తల దించుకుని, పేరడిగితే పలకని ఇరవయ్యేళ్లవాడు అచ్చం వాళ్లు వెతికే మనిషిలాగే ఉంటాడు. ఒకసారి వేములవాడ దగ్గర దింపి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు.

దానికి మా మేనమామ ఉపాయం చెప్పాడు.

"అన్నలు తాగరక్కా. కల్లు వాసనొస్తే పోలీసోళ్లు దగ్గరికి గూడ రారు. రెండు సీసాలు తాపి బస్సెక్కియ్యి."

అమ్మ మొక్కు తీర్చినంత శ్రద్ధగా తాపింది. పనిచేసింది కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఏడాది తిరిగేసరికి వాడికి కిరాణా దుకాణానికి పోవాలన్నా కల్లు కావాల్సి వచ్చింది. తాగితే మనుషులు కాస్త దూరం జరిగినట్టు ఉంటుందట. తాగని పొద్దున చేతులు వణికి, తెగిన పోగుకు ముడి పడేది కాదు. అట్లాంటి ఒక పొద్దున సాంచ ఆపి నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఇగ తాగ."

అమ్మ ఏడ్చింది, పోలీసులు పట్టుకుపోతారని. కొడుకు తాగుడు మానేస్తానంటే ఏడ్చిన తల్లి మా జిల్లాలో ఆమె ఒక్కతే అయ్యుంటుంది.

వణుకు తగ్గడానికి చాలా రోజులు పట్టింది. తగ్గాక, కోరుట్లలో ఉన్న అక్క ఇంటికి ఇద్దరం బయలుదేరాం. అనుకున్నట్టే బస్సు ఆపారు. పోలీసాయన నేరుగా వచ్చి వాడి ముందే నిలబడ్డాడు.

"ఏడికిరా?"

నేను నోరు తెరవబోతే తమ్ముడు మోచేత్తో పొడిచాడు. కిటికీ వైపే చూస్తూ, సాంచల మధ్య మాట్లాడినంత గట్టిగా మొదలుపెట్టాడు.

"నాకు మొకంల చూసుడు రాదు సారూ. పుట్టినకాన్నుంచి గంతే. సిరిసిల్లల సాంచలు నడుపుత. అక్క దగ్గరికి పోతున్న. కల్లు బంజేసిన."

"కల్లు ముచ్చట నేనడిగిన్నారా?"

"అడగలె. నేనే చెప్తున్న."

వెనక సీట్లో ఎవరో నవ్వారు. పోలీసాయన నావైపు తిరిగాడు.

"నీకేమైతడు?"

"తమ్ముడు సార్" అన్నాను. డిగ్రీ పాసయ్యానని చెప్పినప్పుడు కూడా నా గొంతు అంత లేవలేదు.